గుమ్మడికాయ కొట్టాక అమ్మిన కారు

ప్రొడక్షన్ మేనేజర్ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. ముప్పై నాలుగేళ్ళు ఈ ఉద్యోగం చేసి కూడా బీపీ తప్ప ఇంకే జబ్బూ లేకుండా బయటపడ్డవాణ్ణి ఒకసారి కళ్ళారా చూద్దామని కాబోలు. "ఏదైనా సలహా చెప్పండి సార్" అంటారు. నా దగ్గరున్నది ఒక్కటే సలహా. గుమ్మడికాయ కొట్టినంత మాత్రాన సినిమా అయిపోయిందని నమ్మకండి. వాళ్ళు నవ్వేసి కాఫీ తాగి వెళ్ళిపోతారు. చెప్తే వినరు గనక రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. షూటింగ్ చివరి రోజున యూనిట్ మొత్తానికి దిష్టి తీసి గుమ్మడికాయ పగలగొట్టడం మా పరిశ్రమలో ఆనవాయితీ. అది పగిలాక ఎవరి దారిన వాళ్ళు పోతారు. మేనేజర్ మాత్రం మిగిలిన సామాన్లు సర్దుకుంటూ ఉంటాడు. ఆ సర్దుకోవడంలోనే నేను బోర్లా పడ్డాను.

అది నేను రిటైర్ కావడానికి ముందు చేసిన సినిమాల్లో చివరి నుంచి రెండోది. దర్శకుడు కొత్తవాడు. నిర్మాత మంచివాడు, మొదటి సినిమాలో చేతులు కాల్చుకుని రెండోదానికి వచ్చాడు. ఇది కూడా పోతే పెట్టె సర్దుకుని ఊరెళ్ళిపోవడమే అని ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. ఆ నవ్వు చూస్తే మాకు నవ్వు వచ్చేది కాదు. ఫిల్మ్ నగర్‌లో ఒక ఇంటి పై వాటా మా ఆఫీసు.

కథలో హీరోయిన్ చిన్న ఎస్‌యూవీ ఒకటి నడుపుతుంది. దర్శకుడికి ఏదో ఒక కారు పనికిరాదు. మన దేశంలో అమ్మకాలు ఆపేసి వెళ్ళిపోయిన కంపెనీ కారే కావాలన్నాడు. "ఆ పిల్ల మొండిది సార్. అందరూ వద్దనుకున్నదాన్ని తను వదులుకోదు. అది మనం డైలాగులో చెప్పక్కర్లేదు, కారు చెప్తుంది" అన్నాడు. నేను తలాడించాను. దర్శకులు చెప్పేది అర్థం కాకపోయినా తలాడించడం మా ఉద్యోగంలో ఓనమాలు.

మామూలుగా షూటింగ్‌కు కార్లు కిరాయికి తెస్తాం. ఈ కారుకి మాత్రం కెమెరా బిగించడానికి తలుపులు ఊడదీయాలి, కథలో ఎడమ తలుపుకి సొట్ట పడాలి. అలా పాడుచేసుకోవడానికి కన్నకూతురిలా చూసుకునే బండిని ఎవడిస్తాడు? కాబట్టి పాతదొకటి కొనేయడమే మార్గమని తేల్చాం.

కొనడానికి మా ప్రొడక్షన్ డ్రైవర్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఎర్రగడ్డలో పుట్టి పెరిగినవాడు. వయసులో నాకంటే రెండేళ్ళు చిన్న, బండ్ల విషయంలో నాకు గురువు. జూబ్లీహిల్స్‌లో ఒక డాక్టరుగారింట్లో దొరికింది బండి. కాఫీ పొడి రంగు. ఆయన దాన్ని నడిపిందానికంటే కవరు కప్పి ఉంచిందే ఎక్కువ. మా డ్రైవర్ బానెట్ ఎత్తి చూశాడు, కింద పడుకుని చూశాడు, తలుపుల రబ్బర్లు ఒత్తి చూశాడు, డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద తుప్పు ఉందేమోనని వేలితో గీకి చూశాడు. పెళ్ళిచూపుల్లో మా మేనత్త కూడా అంత చూడలేదు.

"బండి మంచిగున్నది సార్. కానీ కంపెనీ పోయింది గదా, గిది పుట్టిల్లు లేని కోడలు లెక్క. ఏమన్న అయితే అడుగుతందుకు అటు దిక్కు ఎవ్వరుండరు. మనమే అరుసుకోవాలె" అన్నాడు.

"ఆటోమేటిక్కే కదా?" అని అడిగాను. మా హీరోయిన్‌కు గేర్లు మార్చడం రాదు.

"ఆటోమేటిక్కే సార్. క్లచ్చే లేదు." అంటూనే తలుపు తెరిచి సీట్లో కూర్చున్నాడు, దిగాడు. మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ దిగాడు.

"ఏంటయ్యా ఆ గుంజీలు?"

"సీటు ఎత్తు జూస్తున్న సార్. మరీ కిందికి లేదు, మరీ మీదికి లేదు. జర్రున జరిగి కూసోవచ్చు."

హీరోయిన్ సౌకర్యం కోసం ఇంత ఆలోచిస్తున్నాడే అని నేను ముచ్చటపడ్డాను. నా తెలివి ఆ రోజుల్లో అలా ఉండేది.

షూటింగ్ సాగింది. ఒకసారి పక్క అద్దం విరిగితే కొత్తది ఊరంతా వెతికినా దొరకలేదు. మా డ్రైవరే ఏ పాత సామాన్ల కొట్లోనో పట్టుకొచ్చి బిగించాడు. కథ ప్రకారం ఎడమ తలుపుకి సొట్ట పెట్టారు. చివరి రోజున గుమ్మడికాయ కొట్టారు, అందరం ఫొటోలు దిగాం. మర్నాటి నుంచి ఆ కారు ఆఫీసు గేటు ముందు ఉండిపోయింది. కింది వాటా ఆయనకు అది కంట్లో నలుసు. రోజూ పొద్దున్నే నాకు ఫోను. నాకసలే ముక్కు మీద కోపం. నాలుగో రోజున డ్రైవర్ని పిలిచి, "దాన్ని అమ్మేయ్" అన్నాను.

"ఎవలకు సార్?"

"ఎవరికైతే నాకేంటి? ఎల్లుండికి అది నా కంటికి కనబడకూడదు."

కాగితాలు తెచ్చాడు. నిర్మాతతో సంతకాలు పెట్టించి ఇచ్చేశాను. కొన్నవాడి పేరు కూడా చదవలేదు. అప్పుడు క్యాటరింగ్ వాడితో ఫోన్లో పోట్లాడుతున్నాను. అంత ముఖ్యమైన పోట్లాట దేని గురించో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

నాలుగు నెలల తర్వాత దర్శకుడు ఎడిటింగ్ రూముకి రమ్మన్నాడు. సినిమా చూసిన నలుగురూ ఒకటే మాట అన్నారట. ఊరు విడిచి వెళ్ళిపోయిన హీరోయిన్ క్లైమాక్స్‌లో తిరిగి వచ్చిందన్న సంగతి వాళ్ళకు తెలియడం లేదు. మేం కారు లోపల ఆమె మొహం తీశాం, తర్వాత ఇంట్లో ఆమె ఏడుపు తీశాం. మధ్యలో కారు వాలులో దూసుకొచ్చి ఇంటి గేటు ముందు ఆగడం తీయలేదు. "ఆ ఒక్క షాట్ లేకపోతే సినిమా లేదు సార్" అన్నాడు దర్శకుడు. ఇలా షూటింగ్ అయ్యాక విడిగా తీసే ముక్కల్ని ప్యాచ్‌వర్క్ అంటాం. ప్రతి సినిమాకూ ఎంతో కొంత ఉంటుంది. అది నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. తెలిసే అమ్మాను.

ఆ గేటున్న ఇల్లు జూబ్లీహిల్స్‌లో, బండరాళ్ళ మధ్య ఏటవాలుగా దిగే ఒక సందు చివర ఉంది. ఓనరు దాన్ని ఆ శనివారం నుంచి కూలగొట్టించి కొత్తది కట్టబోతున్నాడు. అంటే మాకు శుక్రవారం దాకానే గడువు.

"కారు ఎక్కడుంది సార్?" అని అడిగాడు దర్శకుడు.

"ఉంది" అన్నాను. అబద్ధమని అనలేం. ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది కదా.

అలాంటిదే ఇంకో కారు కోసం ముందు వెతికించాను. అమ్మడం ఆపేసిన బండి, అందులో ఆ రంగు. ఒకటి ఇంజను లేకుండా దొరికింది. ఇంకోటి వేరే రాష్ట్రంలో ఉంది, దాని మొహం వేరు. గత్యంతరం లేక డ్రైవర్ని పిలిచి అడిగాను, ఎవరికి అమ్మావని.

"అప్పుడు మీరు అడగలే సార్" అన్నాడు వాడు.

"ఇప్పుడు అడుగుతున్నా."

"కృష్ణానగర్ల ఉంటడు. మీకు ఎరుకే." చెప్పి నా మొహం వైపు చూడకుండా తలొంచుకున్నాడు.

నాకు ఎరుకే. తొమ్మిదేళ్ళ కిందట నేను మేనేజర్‌గా చేసిన ఒక సినిమాలో ఫైటర్. మొదటి అంతస్తు మీద నుంచి దూకే షాట్‌లో తాడు జారి వెన్ను విరిగింది. నడుం కింద నుంచి స్పర్శ పోయింది. తాడు దగ్గర నిలబడాల్సిన మనిషి ఆ నిమిషంలో అక్కడ లేడు. ఎందుకు లేడో అడగాల్సింది నేను, అడగలేదు. కంపెనీ చేయాల్సింది కంపెనీ చేసింది, యూనియన్ చేయాల్సింది యూనియన్ చేసింది. నేను ఆస్పత్రికి ఒక్కసారి వెళ్ళి, "మళ్ళీ వస్తాను" అని చెప్పి వచ్చాను. ఆ తర్వాత వెళ్ళలేదు. పని ఎక్కువై కాదు. అతని కాళ్ళ వైపు చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. మా డ్రైవర్ మాత్రం ఆ తొమ్మిదేళ్ళూ వెళ్తూనే ఉన్నాడట. సీటు ఎత్తు ఎవరి కోసం చూశాడో అప్పుడు నా బుర్రకెక్కింది.

ఆ సాయంత్రమే ఇద్దరం వెళ్ళాం. కృష్ణానగర్‌లో కారు పట్టీ పట్టని సందు. రెండు గదుల ఇంటి ముందు మా కారు తళతళా మెరుస్తోంది. ఎడమ తలుపు సొట్ట తీయించి రంగు వేయించాడు. లోపల అతను చక్రాల కుర్చీలో కూర్చుని కత్తెరతో స్పాంజి కోస్తున్నాడు. పక్కన భార్య మిషను మీద కుడుతోంది. ఫైటర్లు మోచేతులకీ మోకాళ్ళకీ కట్టుకునే ప్యాడ్లు. ఆ కారులో షూటింగ్ స్పాట్లకు తనే తీసుకెళ్ళి ఇచ్చి వస్తాడట.

ఆవిడ నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది. "మళ్ళీ వస్తానన్నారు కదా అన్నయ్యగారూ, రండి. కాఫీ తాగుతారా, టీయా?" అంది.

ఎత్తిపొడుపు కాదు. ఆ గొంతులో కోపం వెతికాను, దొరకలేదు. కోపం ఉండి ఉంటే నా పని సులువయ్యేది.

వచ్చిన పని చెప్పాను. ఇంతకంటే కొత్త బండి ఇప్పిస్తాను, ఇది మాకు ఇచ్చేయమన్నాను. అతను నవ్వి కుర్చీ తోసుకుంటూ బయటికి వచ్చి, కారు తలుపు తెరిచి చూపించాడు. పెడల్స్‌కి ఇనుప కడ్డీలు బిగించి ఉన్నాయి. స్టీరింగ్ పక్కన పిడి ముందుకు తోస్తే బ్రేకు, వెనక్కి లాగితే ఎక్సలేటరు.

"ఎర్రగడ్డ మెకానిక్ ఒకాయన నెలన్నర కష్టపడ్డాడండీ. అడుగుదామంటే కంపెనీ లేదు. కొలతలన్నీ జానలతో, బెత్తెలతో తీసుకుని చేశాడు. ఆర్టీఓ ఆఫీసులో కూడా రాయించుకున్నాం. ఇప్పుడిది నాకు కారు కాదండీ, కాళ్ళు."

"పోనీ ఒక్క రోజు ఇవ్వు" అన్నాను, సిగ్గు విడిచి.

"నడిపేదెవరండీ? ఈ పిడితో బ్రేకు కొట్టడం అలవాటు లేనివాళ్ళకి రాదు. కడ్డీలు ఊడదీస్తే మళ్ళీ బిగించడానికి ఎన్నాళ్ళు పడుతుందో. అన్నాళ్ళూ నేను ఆ గదిలోనే కదండీ."

 నిర్మాత పెట్టె సర్దుకోవడం కళ్ళ ముందు కనిపించింది. అయినా ఆ మనిషిని ఇంకోసారి అడగదల్చుకోలేదు. అతని వైపు తిరిగి, "నేను మళ్ళీ రాకపోవడం తప్పయ్యా. పెద్ద తప్పు. సినిమా సంగతి ఎలా ఉన్నా అది చెప్పి వెళ్తాను" అన్నాను.  డ్రైవర్ గోడ వైపు తిరిగాడు.

అతను కారు తలుపు మూశాడు. తర్వాత అడిగాడు: "వాలు ఎంతుంటుందండీ?"

"ఏం వాలు?"

"షాట్‌లో. కారు ఎంత దూరం నుంచి రావాలి, ఎక్కడ ఆగాలి?"

"గేటుకి జానెడు దూరంలో."

"అంటే హీరోయిన్‌కి డూపన్నమాట" అని మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

"వద్దండీ" అంది ఆవిడ వెంటనే, గుమ్మంలోంచి. "ఒకసారి చూశాను. చాలు."

"అది దూకడం. ఇది బ్రేకు కొట్టడం. రోజూ చేస్తున్నదే కదా."

"రోజూ మీకు ఎదురుగా గేటు ఉండదు."

 ఆవిడ అతని మొహంలోకి చూసింది. తొమ్మిదేళ్ళలో అతనికి షాట్ గురించి మాట్లాడే అవకాశం ఇదే మొదటిదని మాకందరికీ తెలుస్తూనే ఉంది. చివరికి ఆవిడ నా వైపు తిరిగింది.

"ఆ గేటు వెనక మీరు నిలబడతారా అన్నయ్యగారూ?"

నిలబడతానన్నాను. జీవితంలో నేను పెట్టిన సంతకాలన్నీ ఒకెత్తు, ఆ మాట ఒకెత్తు.

శుక్రవారం పొద్దున్నే సందు ఊడ్చింది నేనే. చీపురు పట్టి వాలు పొడవునా ఇసుక రేణువు లేకుండా ఊడ్చాను. మేనేజర్‌కి మతిపోయిందని లైట్‌మెన్ అనుకున్నారు. ఫైట్ మాస్టర్ పెద్దాయన. డూప్ ఎవరో వినగానే నన్ను తిట్టడానికి నోరు తెరిచి, కారులో ఉన్న మనిషిని చూసి మూసేసుకున్నాడు. కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి అతని తల నిమిరాడు. తర్వాత మెల్లగా నాలుగుసార్లు, కాస్త వేగంగా నాలుగుసార్లు రిహార్సల్ చేయించాడు.

ఈలోగా ఇంకో తంటా. కథ ప్రకారం తలుపుకి సొట్ట ఉండాలి, ఇతను తీయించేశాడు. మళ్ళీ కొడదామా అన్నాడు దర్శకుడు. నేను చూసిన చూపుకి ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. మా ఆర్ట్ డిపార్ట్‌మెంట్ మనిషి నీళ్ళతో కడిగితే పోయే రంగులతో తలుపు మీద నీడలు దిద్ది, పది అడుగుల దూరానికి అచ్చం సొట్టలా చేసిపెట్టాడు. వెనకద్దం మీద ఉన్న చక్రాల కుర్చీ బొమ్మ మీద నల్ల కాగితం అంటించాడు. హీరోయిన్‌కి మేకప్ చేసినంతసేపు కారుకీ పట్టింది.

అతను మీసం తీయించుకుని, విగ్గు పెట్టుకుని, హీరోయిన్ చుడీదారు వేసుకుని కూర్చున్నాడు. మా డ్రైవర్ కిటికీ దగ్గరికి వెళ్ళి, "మేడమ్ గారూ, కొబ్బరి నీళ్ళు దెమ్మంటరా?" అన్నాడు.

"ఫ్యాన్ పెట్టించండయ్యా ముందు" అన్నాడు అతను, గొంతు సన్నం చేసి. యూనిట్ అంతా నవ్వింది. భార్య కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

తర్వాత ఎవరూ నవ్వలేదు. నేను గేటు వెనక, కెమెరాకి కనబడని చోట నిలబడ్డాను. ఇనుప ఊచల సందుల్లోంచి సందు మొత్తం కనిపిస్తోంది. ఫైట్ మాస్టర్ చెయ్యి ఊపాడు. పైన మలుపులో కాఫీ రంగు కనిపించింది. వచ్చే కారును కిటికీలోంచి చూడటం వేరు, దాని ముందు నిలబడి చూడటం వేరు. నాకు తెలిసిన దేవుళ్ళ పేర్లన్నీ అయిపోయాయి. తప్పుకోవాలని కాళ్ళు అన్నాయి. ఆవిడ సందు పక్కన బండరాయి దగ్గర నిలబడి కారును కాదు, నన్నే చూస్తోంది. నేను కదల్లేదు, కళ్ళు మాత్రం మూసుకుపోయాయి. టైర్లు కీచుమన్నాయి, రబ్బరు కాలిన వాసన వచ్చింది, ఇంజను వేడి నా పొట్టకి తగిలింది.

కళ్ళు తెరిచేసరికి బానెట్ గేటు ముందు ఉంది. ఫైట్ మాస్టర్ పరిగెత్తుకుంటూ వచ్చి మధ్యలో చెయ్యి చాచి కొలిచాడు. జానెడు, పైన రెండు వేళ్ళు. యూనిట్ చప్పట్లు కొట్టింది. మామూలు చప్పట్లు కావు. కొందరు కొడుతూనే కళ్ళు తుడుచుకున్నారు, అందులో నేనూ ఉన్నాను.

"సూపర్ సార్! సేఫ్టీ కోసం ఇంకొకటి తీద్దాం" అన్నాడు దర్శకుడు.

"ఇంకొకటి తీయకపోవడమే సేఫ్టీ" అని అరిచాను. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక దర్శకుడి మీద నేను అరిచింది అదొక్కసారే. పాపం, అతను ఏమీ అనుకోలేదు.

సినిమా బాగానే ఆడింది. నిర్మాత పెట్టె సర్దుకోలేదు, ఇప్పుడు మూడోది తీస్తున్నాడు. ఆ షాట్‌ని చాలామంది మెచ్చుకున్నారు, ఆ హీరోయిన్ ఎంత ధైర్యంగా నడిపిందో అని. నేను తలాడించాను. నా ఉద్యోగాన్ని, నిర్మాతని, ఆ సినిమాని నిలబెట్టింది ముగ్గురు. నేను అడగకుండానే బండిని చేరాల్సిన చోటికి చేర్చిన డ్రైవర్, కోపం పెట్టుకోని ఒక ఇల్లాలు, మీసం తీసేసిన ఒక ఫైటర్. వాళ్ళకు కృతజ్ఞత చెప్పుకోవడానికి నా దగ్గర సరిపడా మాటలు లేవు. అందుకే వీలున్నప్పుడల్లా ఆ సందుకి వెళ్ళి ఆవిడ ఇచ్చే కాఫీ తాగి వస్తుంటాను.

ఆ రోజు సాయంత్రం సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ప్యాకప్ అయ్యాక రోజువారీ రిపోర్టు రాస్తాం. ఏ విభాగానికి ఎవరెవరు వచ్చారు, ఏ బండ్లు వాడాం, ఇవన్నీ అందులో ఉంటాయి. మా అసిస్టెంటు అమ్మాయి రాసి, కారుకి సంబంధించిన సంతకం కోసం అతనికిచ్చింది. అతను స్టీరింగ్ ముందు కూర్చుని, ఆ చుడీదారులోనే, మొత్తం చదివాడు. చదివి నాకు అందించాడు.

"నన్ను తప్పు చోట రాశారండీ."

చూశాను. వాహనాలు అన్న చోట రాసి ఉంది: కాఫీ రంగు ఎస్‌యూవీ, ఓనరుతో సహా. ఫైటర్లు అన్న చోట అడ్డగీత ఉంది. ఓనరుతో సహా అన్న మాట కొట్టేశాను. పైన ఫైటర్ల దగ్గర అడ్డగీత కొట్టేసి, అతని పేరు రాసి, పక్కన 'ఒకరు' అని రాసి తిరిగిచ్చాను. అతను దాన్ని చాలాసేపు పట్టుకుని, వెనక సీట్లో కూర్చున్న భార్యకి అందించాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ పైకి చదివింది. ఫైటర్లు, అతని పేరు, ఒకరు.

"ఇంకోసారి చదువు" అన్నాడు.